సాంచెలు ఆగినప్పుడు

"కండెలు చుట్టినంకనే పో నీ కాలేజికి. సాంచెలు నీకోసం ఆగయి" అనేది మా అత్త మొగిలవ్వ, రోజూ పొద్దున నేను చీర కుచ్చిళ్ళు పెట్టుకుంటున్నప్పుడు. ఆ మాటలో అబద్ధం లేదు. సాంచెలు ఎవరికోసమూ ఆగవు. మా సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. ఇంటి ముందు రేకుల షెడ్డులో మావి వరసగా ఉంటాయి, మా మామ నర్సింగం, నా భర్త సురేందర్ వాటిని నడుపుతారు. అడ్డంగా పోయే పేక దారాన్ని సన్నటి కండెలకు చుట్టి అందించడం మాత్రం ఆడవాళ్ళ పని. పని అని నేనంటున్నాను గానీ ఇంట్లో ఎవరూ అనరు. "ఉత్తగ కూసుండుడెందుకని చుట్టుతది" అంటారు. ఈ ఇంటికొచ్చినప్పటినుంచి నేను ఉత్తగా కూర్చోవడం ఎవరైనా చూసి ఉంటే చెప్పండి, వాళ్ళకి దండం పెడతాను.

నేను డిగ్రీ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్తాను. గెస్టు లెక్చరర్‌ని. పర్మనెంటు వాళ్ళకి సెలవు కావాలంటే వాళ్ళ క్లాసులు నావి, ముఖ్య అతిథి వస్తే బొకే పట్టుకుని నిలబడేది నేను, టీ కప్పులు లెక్క సరిపోయాయో లేదో చూసేదీ నేనే. "మీరైతే ఓపిగ్గ చేస్తరు మేడం" అంటారు. ఓపిక అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంట్లోనూ అదే మాట, అక్కడా అదే మాట. ఈ రెండింటి మధ్య ఒక మూడో పని పెట్టుకున్నాను, అది మాత్రం నాకోసం. పీహెచ్‌డీ. మల్యాలలో నన్ను కన్న అవ్వ "సదువుకుంటె సదువుకోనియ్యుండ్రి" అని ఒప్పందం చేసుకుని మరీ నన్నిచ్చింది ఈ ఇంటికి. ఒప్పుకున్న మా మామ ఒప్పుకున్నట్టే ఉన్నాడు, వద్దనలేదు. సురేందర్ కూడా వద్దనలేదు. "నీ సదువు నేనొద్దంటున్ననా? ఇంట్ల పని అయినంక సదువుకో అంటున్న" అనేవాడు. ఇంట్లో పని ఎప్పుడవుతుందో నేను అడగలేదు, అతను చెప్పలేదు.

నా పరిశోధన కంటికి కనిపించని స్ఫటికాల మీద. బంగారు లవణాన్ని ద్రవంలో కరిగించి, దాన్నుంచి బంగారాన్ని విడగొట్టే మందు కలుపుతాం. కొంతసేపు ఏమీ జరగదు. ఆ తర్వాత ఒక్కసారిగా కోట్ల కోట్ల విత్తులు పుట్టుకొస్తాయి, అంతే, ఇక కొత్తవి పుట్టవు. పుట్టినవే ద్రవంలో మిగిలిన బంగారాన్ని పంచుకుంటూ పెరుగుతాయి. సమంగా అందితే అన్నీ ఒకే సైజుకి వస్తాయి. సమయానికి ఆపకుండా వేడి మీద వదిలేస్తే మాత్రం చిన్నవి కొంచెం కొంచెంగా కరిగిపోతూ పెద్దవాటికి ఒళ్ళవుతాయి. చిన్నది ఎందుకు కరగాలి అంటే, చిన్నది కాబట్టి. పుస్తకాల్లో దీనికి ఎవరో పెద్దమనిషి పేరు పెట్టారు. మా వాడలో కాపురం అంటారు. అందుకే వేడి ఎప్పుడు దించాలో తెలియడం ఈ విద్యలో సగం. దించాక ఒక్కో కణానికీ నూనెలాంటి పొర తొడుగుతాం, ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కాకుండా. ఆ పొర ఉన్నన్నాళ్ళూ అవి ద్రవంలో విడివిడిగా తేలుతూనే ఉంటాయి, అడుక్కి దిగవు. దాన్ని కొల్లాయిడ్ అంటాం. బంగారమే అయినా పచ్చగా ఉండదు, దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది.

ఈ ఎరుపు వల్లే ఇంట్లో రభస మొదలైంది. కోరుట్లలో ఇచ్చిన మా ఆడబిడ్డ శారద ఒకసారి వచ్చి అలమారలో సీసా చూసి, "వదినె, బంగారం కరిగిచ్చి నీళ్లల్ల కలుపుతున్నవంట గదా! మా కోరుట్లల గూడ అనుకుంటున్నరు" అంది. కోరుట్లలో ఎవరనుకుంటారు తల్లీ, నువ్వు చెప్తే తప్ప. మా అత్త అప్పటికి ఊరుకుని, శారద వెళ్ళాక నా మెడలోకి చూసి, "పుస్తెలల్ల గిట్ల గోకుతున్నవా ఏందే?" అంది. నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ తర్వాత చాలా రోజులు అన్నం వడ్డిస్తుంటే ఆమె చూపు నా పుస్తెల మీదే ఉండేది.

స్ఫటికాలు తయారుచేయడం అయిపోయింది. మిగిలింది వాటిని కూర్చోబెట్టడం. సన్నటి గాజు గొట్టంలో అడుగున ఎర్ర ద్రవం, దాని మీద నెమ్మదిగా, కలవకుండా, ఆల్కహాలు పోయాలి. ఆల్కహాలు రోజులకు రోజులు కిందికి దిగుతుంది. అది దిగేకొద్దీ కణాలకు ఆ ద్రవంలో ఉండబుద్ధి కాదు. ఒకటొకటిగా బయటికొచ్చి, ఒకదాని పక్కన ఒకటి, ఒక వరస మీద మరో వరస, ఎవరూ చెప్పకుండానే సర్దుకుంటాయి. చివరికి ఆ కణాలే ఇటుకలుగా ఒక పెద్ద స్ఫటికం కట్టుకుంటాయి. మధ్యలో కదిపితే మాత్రం వరస తప్పి బురదలా అడుగున పడతాయి. కాలేజీ ల్యాబుకి సాయంత్రం తాళం వేస్తారు, గెస్టులకు తాళంచెవి ఇవ్వరు, మర్నాడొచ్చేసరికి అటెండరు గొట్టాలన్నీ ఇంకో బల్ల మీదికి మార్చి ఉంటాడు. అందుకని ఇంట్లో వెనక గదిలో గూట్లో పెట్టుకున్నాను. మా అత్తకి ఒకసారి చెప్పి చూశాను. "నెయ్యి దించి కదపకుంటె పూస కడ్తది సూడు అత్తా, ఇవి గూడ గట్లనే" అన్నాను. "పూస కడితె తింటం. నీదేం జేసుకుంటం?" అంది.

ప్రతిసారీ బురదే వచ్చింది. ఎన్ని గొట్టాలు పెట్టినా, ఎంత జాగ్రత్తగా పోసినా అంతే. హైదరాబాద్‌లో మా గైడ్ మేడం ఫోన్లో అంతా విని, "అక్కడేమైనా వైబ్రేషన్ ఉందేమో చూడు సుధా" అంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మా ఇంట్లో గోడకి చెయ్యి ఆనిస్తే చెయ్యి వణుకుతుంది. గూట్లో గ్లాసులు పొద్దంతా వాటిలో అవి మాట్లాడుకుంటుంటాయి. నా కూతురు ప్రీతి పుట్టినప్పటినుంచీ ఆ చప్పుడులోనే పడుకుంది, అమ్మమ్మ ఊరికి పోతే ఆ పిల్లకి నిద్ర పట్టదు. రిజిస్ట్రేషన్ గడువు ఇప్పటికే పొడిగించారు, ఇంక పొడిగించరు. నెలాఖరులోగా ఒక్క మంచి స్ఫటికం చూపించి థీసిస్ ఇవ్వకపోతే ఇన్నేళ్ళదీ పోతుంది. చివరికి సిగ్గు విడిచి మా మామనే అడిగాను, కొన్నాళ్ళు షెడ్డులో ఇంటివైపు గోడ పక్కనున్న సాంచెలు ఆపగలరా అని. ఆయన కోప్పడలేదు. పడీపడీ నవ్వాడు. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పాడు, "మా కోడలి సీసకు సాంచెల సప్పుడుకు నిద్ర వడ్తలేదంట. జోల పాడాలె గావచ్చు!" వాడంతా నన్ను చూసినప్పుడల్లా సీస నిద్రపోయిందా అని అడిగారు. టీ ఇచ్చినప్పుడు మాత్రం ఆయనే, "కోడలా, నీ చాయ తాగితెనే పానం లేస్తది" అనేవాడు. ఆయన చెడ్డవాడని చెప్పలేను. చెడ్డవాడైతే నాకు కొంచెం సుఖంగా ఉండేది.

ఆయన పోయింది ఒక మధ్యాహ్నం, సాంచె దగ్గరే. గుండె ఆగింది. నేను కాలేజీనుంచి వచ్చేసరికి షెడ్డులోంచి బయటికి పడుకోబెట్టి ఉంచారు. మా అత్త నేలకి తలకొట్టుకుంటోంది. నేనూ ఏడ్చాను, నిజంగానే ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూ ఒకచోట ఆగి, ఇదేమిటి ఇంత వింతగా ఉంది అనుకున్నాను. చప్పుడు లేదు. సాంచెలు ఆగాయి. చావు జరిగిన ఇంట్లో పెద్దదినం, అంటే పెద్దకర్మ, అయ్యేదాకా వాటిని ముట్టుకోరు. అప్పుడు నాకు గుర్తుకొచ్చింది, ముందు రోజే గూట్లో కొత్త గొట్టాలు పెట్టానని. చచ్చిన మనిషి ముందు కూర్చుని నేను గొట్టాల గురించి ఆలోచించాను. అవును, ఆలోచించాను. ఎవరేమన్నా అనుకోనివ్వండి, ఏ మొగవాడైనా తండ్రి శవం దగ్గర కూర్చుని తన సాంచెల గురించి ఆలోచించడా? సురేందర్ ఆలోచిస్తూనే ఉన్నాడు, ఆర్డరు వాళ్ళకి ఫోను చేసి గడువు అడుగుతూనే ఉన్నాడు. దాన్ని బాధ్యత అన్నారు.

ఆ పదిరోజులూ నేను వంగిన నడుము ఎత్తలేదు. వచ్చినవాళ్ళకి చాయ, పోయేవాళ్ళకి అన్నం, గిన్నెలు, పక్కలు, మా అత్తకి వేణ్ణీళ్ళు. శారద తండ్రిని తలుచుకుని ఏడవాలి కాబట్టి ఆమెకు పని చెప్పకూడదు. నేను కోడల్ని, నా ఏడుపు పొయ్యి దగ్గర ఏడ్చుకోవచ్చు. అయినా ఇంట్లో ఒక నిశ్శబ్దం ఉంది, ఎప్పుడూ ఎరగనిది. చెంబు కింద పెడితే చెంబు చప్పుడు మాత్రమే వినిపించేది. నాకు ఆ నిశ్శబ్దం ఎంతో ఇష్టమైంది, ఇష్టమవుతున్నందుకు భయమూ వేసింది. పెద్దదినం పొద్దున గుడ్డల కోసం వెనక గదిలోకి పోయి గూట్లోకి తొంగి చూశాను. గాజు గోడకి చిన్న చిన్న నల్లటి చుక్కలు అంటుకుని ఉన్నాయి. గొట్టాన్ని ముట్టుకోకుండా భూతద్దం దగ్గర పెట్టాను. చుక్కలు కావు. ఒక్కోదానికీ అంచులున్నాయి, ఆరు మూలలు, చాకుతో కోసినంత నిటారుగా. కిటికీ వెలుగు పడగానే తళుక్కుమన్నాయి. కోట్ల కణాలు, ఎవరూ అదిలించకపోతే, తమంతట తాము కట్టుకున్నవి. నాకు నవ్వొచ్చింది. గొంతులోంచి కాదు, కడుపులోంచి వచ్చింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో శారద ఉంది.

"బాపు పెద్దదినం నాడు నవ్వుతున్నవా వదినె" అంది. అంతే అని వెళ్ళిపోయింది.

పిట్టకు పెట్టడానికి మానేరు వాగు ఒడ్డుకి పోయాం. చనిపోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి దూరంగా నిలబడాలి. కాకి వచ్చి ముట్టుకుంటే ఆయన తృప్తిగా తిన్నట్టు. మటన్, కల్లు, గారెలు, బీడీకట్ట, నేను కాచిన చాయ కూడా ఒక గ్లాసులో పెట్టారు. అక్కడికి పోయే ముందు మా అత్త గాజులు పగలగొట్టారు, పుస్తెలు తీశారు. ఆమె ఒక పక్కన కూర్చుని బోసి చేతుల్ని కొంగులో దాచుకుంటోంది. కాకులు చెట్ల మీద ఉన్నాయి, దిగడం లేదు. ఎండ ఎక్కింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు, కాకి ముట్టేదాకా ఎవరూ తినకూడదు. ఎల్లంతకుంట నుంచి వచ్చిన మా పెద్దమామ ఎల్లన్న, చనిపోయినాయన అన్న, కర్ర నేలకు తాటించి అన్నాడు, "నర్సింగని మనసుల ఏదో ఉండిపోయిందిరా. ఒక్కొక్కరు మాటియ్యుండ్రి."

సురేందర్ ముందుకొచ్చాడు. "సాంచెలు ఇడిశిపెట్ట బాపు. అవ్వను మంచిగ సూసుకుంట. తిను బాపు" అన్నాడు. కాకి రాలేదు. మస్కట్‌లో ఉన్న మా మరిది భూమేశ్‌కి వీడియో కాల్ చేసి, శారద ఫోను విస్తరి వైపు తిప్పి పట్టుకుంది. "బాపూ, ఈసారి అచ్చినంక మల్ల పోను బాపూ" అని అతను ఏడుస్తుండగానే సిగ్నల్ పోయి, నోరు తెరిచినట్టే బొమ్మ నిలిచిపోయింది. కాకి రాలేదు. శారద కూడా ఏదో మాటిచ్చింది. రాలేదు. అప్పుడు శారద కళ్ళు తుడుచుకుని, నా వైపు చూడకుండా అంది, "బాపుకు వదినె మీదనే రంది ఉండె. కోడలు సదువు ఇడిశిపెట్టి ఇంటి పట్టున ఉండాలె, ఒక మొగపిల్లగాడు గావాలె అని ఎన్నిసార్లనలే!"

ఆయన ఎప్పుడన్నాడో నాకు తెలియదు. అన్నాడేమో. అందరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. విస్తరి దగ్గరున్నవాళ్ళు కూడా అది వదిలేసి నా చుట్టూ చేరారు. సురేందర్ మెల్లగా, "అనరాదు సుధా, ఒక్క మాటనే గద" అన్నాడు. ఒక్క మాటే. అతనికి నా ఇన్నేళ్ళు ఒక్క మాట పట్టేంతే ఉంటాయి. నేను కదల్లేదు. అప్పుడు మా అత్త లేచి వచ్చింది. గాజుల్లేని చేతుల్తో నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులు అంత తేలిగ్గా ఉంటాయని నాకెప్పుడూ తెలియదు.

"ఇయ్యి బిడ్డా" అంది. ఎప్పుడూ నన్ను బిడ్డా అనలేదు. "నా మొగడు ఆకలితోని పోతున్నడు. మాటియ్యి."

"గట్టిగ అను, అందరు ఇనాలె" అన్నాడు ఎల్లన్న.

పిల్లల ఏడుపు, ఎండ, ఆ తేలిక చేతులు. ఇవన్నీ కలిసి నా నోట్లోంచి మాట లాగేశాయి. "మామా, నేను సదువు బంద్ జేస్త" అన్నాను.

కాకి దిగింది. నేనేం చెప్పను! నిజంగా దిగింది, ముందు చాయ గ్లాసు తన్నేసి, మటన్ ముక్క ఎత్తుకుపోయింది. దాని వెనక ఇంకో నాలుగు దిగాయి. అందరూ ఒక్కసారి ఏడ్చారు, మొక్కారు. మా అత్త నన్ను పట్టుకుని నా భుజం తడిసేదాకా ఏడ్చింది. విస్తరి దగ్గర మనుషులు లేరు కాబట్టి కాకి దిగిందని నాకు తెలుసు. జనమంతా నన్ను చుట్టుముట్టడానికి ఇవతలికి వచ్చారు, దానికి కావలసిన ఖాళీ దొరికింది. తెలిసి ఏం లాభం? "యాదికుంచుకో బిడ్డా" అన్నాడు ఎల్లన్న, ప్రీతి తల నిమురుతూ, "సచ్చినోనికిచ్చిన మాట తప్పితె ఇంట్ల చిన్నపానానికి తాకుతది." ఆ చెయ్యి నా పిల్ల తల మీద ఉండడం నేను భరించలేకపోయాను. ఏదో వంక పెట్టి ప్రీతిని నా వైపు లాక్కున్నాను.

సాయంత్రానికి చుట్టాలు పోయారు. మర్నాడు పొద్దున కొబ్బరికాయ కొట్టి సాంచెలు మొదలుపెడతామని సురేందర్ చెప్పాడు. నేను గిన్నెలు తోమి, వెనక గదిలోకి పోయి, గొట్టాల్లోని ద్రవాన్ని బొట్టుబొట్టుగా తీసేసి స్ఫటికాలను చిన్న గాజు పలకల మీదికి దించుకున్నాను. చూసుకుందామని మాత్రమే అనుకున్నాను, పారేసేముందు. అంతలో మేడం మెసేజు వచ్చింది, రేపు మధ్యాహ్నం మైక్రోస్కోపు మిషన్ ఖాళీగా ఉంది, ఈ నెలలో ఇదే ఆఖరు, ఏమైనా ఉంటే తీసుకురా అని. ఫోను పక్కన పెట్టాను. మంచం మీద వాలిన సురేందర్ నన్నే చూస్తున్నాడు. "మంచి పని జేసినవ్ ఇయ్యాల" అన్నాడు ప్రేమగా. "బాపు పానం సల్లబడ్డది. ఇగ నీకు గూడ అలసట ఉండది." పెళ్ళైనప్పటినుంచి నేను అలసిపోతున్నానని అతనికి తెలుసన్నమాట! తెలిసే ఉన్నాడన్నమాట. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపంలో నాకు చాలా చల్లగా అనిపించింది.

పొద్దున లేచి ప్రీతి నుదురు ముట్టుకున్నాను. చల్లగానే ఉంది. మళ్ళీ ముట్టుకున్నాను. రసాయనశాస్త్రం చెప్పే దాన్ని, పిల్లకి జ్వరం వచ్చిందేమోనని ఒక చచ్చిపోయిన మనిషికి భయపడ్డాను. భయపడుతూనే జడ వేసుకున్నాను. పలకల్ని డబ్బాలో దూది మధ్య సర్ది సంచిలో పెట్టుకున్నాను. ప్రీతిని లేపి, స్కూలు బట్టలు కాకుండా మంచి గౌను వేశాను. షెడ్డులో కొబ్బరికాయ పగిలిన చప్పుడైంది. ఒక్క నిమిషంలో సాంచెలన్నీ ఒకేసారి లేచాయి. నేల కదిలింది, గోడ కదిలింది, గూట్లో గ్లాసులు మళ్ళీ మొదలుపెట్టాయి.

మా అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. సంచినీ ప్రీతినీ చూసింది.

"యాడికే?"

"హైదరాబాద్‌కు."

"మల్ల గా సీసల కోసమా?" లేచి నిలబడింది. షెడ్డు వైపు తిరిగి, "సురేందరూ!" అని అరిచింది. సాంచెల హోరులో అతనికి వినపడలేదు. నా చెయ్యి పట్టుకుంది. "మామకు మాటిచ్చినవ్ గదనే! ఊరంత ఇన్నది. కాకి సూసింది. అత్తనయ్యుండి నీకు మొక్కుతున్న, నా మన్మరాలికి తాకుతదే!"

దారిపొడుగునా చెప్పుకోవాల్సిన జవాబులన్నీ పొద్దుటినుంచే తయారుచేసి పెట్టుకున్నాను. అది బలవంతంగా అనిపించిన మాట అని, అలాంటి మాటకు విలువ ఉండదని, కాకికి మనుషుల మాటలు తెలియవని, దాన్ని ఎవరూ అదిలించలేదు కాబట్టి వచ్చిందని. ఒక్కటి కూడా అబద్ధం కాదు. కానీ ఆమె చేతులు చూశాక అవేవీ చెప్పాలనిపించలేదు. చెప్తే మళ్ళీ నేను మంచిదాన్నని నిరూపించుకున్నట్టవుతుంది. నాకు ఆ మంచితనం ఇక వద్దు. ఆమె చేతుల్లోంచి నా చెయ్యి నెమ్మదిగా విడిపించుకుని, ఆమెకు వినపడాలని, సాంచెల కంటే గట్టిగా అన్నాను.

"ఇచ్చిన అత్తా. తప్పుతున్న."